వెనక బెంచీల పైకప్పు

మోరిస్‌విల్‌లో మా వీధి చివరింట్లో ఉండే శ్రీజ, కంప్యూటర్ సైన్స్ మానేసి పాత కట్టడాల పరిరక్షణ చదువుతానని మొన్న ఇంట్లో ప్రకటించింది. వాళ్ళ నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది, ఆ నేరంలో నాకూ వాటా ఉన్నట్టు. ఆ శనివారం శ్రీజే వచ్చి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూచుంది.

"ఆంటీ, మీరు ఎగ్జాక్ట్లీ ఏం చేసేవాళ్ళు? డాడీ అడిగితే నాకు ఎక్స్‌ప్లెయిన్ చేయడం రాలేదు."

నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివాను. పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, ఫిలడెల్ఫియాలో ఒక చిన్న కంపెనీలో చేరి, పాత కోర్టులు, చర్చీలు, రైల్వే స్టేషన్లు బాగుచేస్తూ అక్కడే రిటైరయ్యాను. అయినా ఆ పిల్లకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతీ ఫైళ్ళ సంగతీ ఇందులో ఉండవు. అవి ఏ ఆఫీసులో చేరినా అవే వంటబడతాయి.

ఆపే పని

మా పనిలో సగం, చేసే పని కాదు. ఆపే పని. పాత గోడ కనిపిస్తే చాలు, ప్రతివాడికీ ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. కడుగుదాం, గీకుదాం, కొత్తగా మెరిపిద్దాం అంటారు. నేను చేరిన కొత్తలో ఒక కౌంటీ కోర్టుకి వెళ్ళాం. ఇటుకలు నల్లబడ్డాయని అక్కడి పెద్దలకి నామోషీగా ఉండేది. గాలి ఒత్తిడితో ఇసుక జల్లి కొట్టి కడిగితే బాగుంటుందని ఎవరో చెప్పారు. వద్దని మా కంపెనీ ఒక్కసారి చెప్పింది, గట్టిగా చెప్పలేదు. వాళ్ళు వేరేవాళ్ళని పెట్టి కొట్టించుకున్నారు. గోడ ఎర్రగా తళతళలాడింది, పేపర్లో ఫోటో కూడా పడింది. ఆ చలికాలం దాటేసరికి ఇటుకలు పొడిపొడిగా రాలడం మొదలుపెట్టాయి. కాలిన ఇటుకకి పైన గట్టి పొర ఒకటి ఉంటుంది, దాన్ని ఊడగొడితే లోపలిది నీళ్ళు పీల్చేస్తుంది. మళ్ళీ మమ్మల్నే పిలిచారు, ఏడవడానికి.

అప్పుడు నేర్చుకున్నది ఒక్కటే. వద్దని చెప్పేటప్పుడు నసగకూడదు. నసిగితే అది సగం ఒప్పుకున్నట్టే లెక్క.

రెండోది మా రాన్ దగ్గర నేర్చుకున్నాను. రాన్ మా కంపెనీ యజమాని. మంచివాడు, ఎవరి మనసూ నొప్పించడు. ఆ మంచితనంతోనే చిక్కు. దాని గురించి చెప్పాలంటే ముందు పలెర్మో గురించి చెప్పాలి.

రాజుగారి కప్పు

పలెర్మో సిసిలీ దీవిలో ఉంది. ఆ దీవిని ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు అరబ్బు పాలకుల దగ్గర్నుంచి గెలుచుకున్నారు. గెలిచినవాళ్ళు కొద్దిమంది. ఊళ్ళో ఉన్నది అరబ్బులూ గ్రీకులూ. పన్నెండో శతాబ్దంలో ఆ నార్మన్ రాజులు తమకి ప్యాలెస్‌లూ చర్చీలూ కట్టించుకోవాలనుకున్నప్పుడు, ఎవరి పనితనం గొప్పదైతే వాళ్ళనే పిలిపించారు. రాజప్రాసాదంలో ఉన్న ప్రార్థన మందిరం చూస్తే అది తెలిసిపోతుంది. కట్టడం పొడుగాటి లాటిన్ చర్చి, రోమ్ పద్ధతిది. గోడల నిండా గ్రీకు పద్ధతిలో బంగారు గాజుముక్కలు పొదిగిన క్రీస్తు, పరిశుద్ధులు. తలెత్తితే కప్పు మాత్రం పూర్తిగా అరబ్బు వడ్రంగుల పని. చిన్న చిన్న చెక్క గూళ్ళు ఒకదాని కింద ఒకటి వేలాడుతూ ఉంటాయి, తేనెపట్టుని తిరగేసి పెట్టినట్టు. వాటి మీద వీణలు వాయించేవాళ్ళు, చదరంగం ఆడేవాళ్ళు. నక్షత్రాల అంచుల చుట్టూ అరబిక్ అక్షరాలు.

ఆ అక్షరాలు దేవుడి గురించి కావు. రాజుని దీవించే మాటలు. విజయం, అధికారం, రాజ్యం, ఆరోగ్యం, క్షేమం. ఆ కప్పు కిందే ఒక చివర రాజు కూర్చునేవాడు.

నేను అక్కడికి మొదటిసారి సెలవు పెట్టుకుని వెళ్ళాను. మెడ పట్టేసేదాకా పైకి చూశాను. నాతో వచ్చిన అమెరికన్లు ఇదెలా సాధ్యమని ఆశ్చర్యపోతున్నారు. హైదరాబాద్‌లో చార్మినార్ గచ్చుపని గీసి గీసి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని, నాకంత వింత అనిపించలేదు. పాలించేవాడిదొక మతం, పనివాడిదొక మతం, ఇల్లు మాత్రం అందంగా వచ్చింది. అయితే ఇదేదో సామరస్యం కథ అని ముచ్చటపడిపోకండి. తర్వాతి కాలంలో ఆ ముస్లింలని దీవి నుంచి వెళ్ళగొట్టారు. పనితనం కావాలి, మనుషులు అక్కర్లేదు. అది కూడా ఆ కప్పు చరిత్రే.

బొగ్గు ఊళ్ళో చిన్న పలెర్మో

పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు. ఒకప్పుడు బొగ్గు గనులు నడిచేవి, ఇప్పుడు మూతబడ్డాయి. అక్కడి చర్చిని గనుల్లో పనిచేసిన సిసిలీవాళ్ళే తమ చేతులతో కట్టుకున్నారు. బయటి నుంచి చూస్తే మామూలు ఇటుకల చర్చి. లోపలికెళ్ళి తలెత్తాను. పలెర్మో కప్పు అక్కడుంది. చెక్కతో కాదు, సున్నపు గచ్చుతో. చిన్నది, కొంచెం వంకరటింకరది, కానీ అదే తేనెపట్టు.

దాన్ని చేసింది రోజాలీ వాళ్ళ తాత. రోజాలీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ, చర్చి బిల్డింగ్ కమిటీకి పెద్ద. వాళ్ళ తాత పలెర్మోలో గచ్చుపని నేర్చుకుని, ఇక్కడికొచ్చి గనిలో దిగాడు. గనిలోంచి పైకొచ్చాక మిగిలిన ఓపికతో ఈ కప్పు చేశాడు. రోజాలీ ప్రతి ఆదివారం మొదటి వరసలో కూచుంటుంది. ఆ సీటు మీద ఇంకెవరైనా కూచుంటే వచ్చి పక్కన నిలబడుతుంది, వాళ్ళు లేచేదాకా.

ఆ చర్చి బాధ్యత చూసే విచారణ గురువులు ఫాదర్ జోజి, మన గుంటూరు వైపు మనిషి. మొదటి మీటింగ్‌లో నా పేరు వినగానే కమిటీ అంతా చూస్తుండగా తెలుగులోకి దిగిపోయారు.

"అమ్మయ్య, తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందండీ. వసుంధర గారూ, ఈళ్ళు మంచోళ్ళేగానీ మహా పట్టుదల మనుషులండీ. కాస్త చూసి మాట్టాడండి."

రోజాలీ కళ్ళజోడు పైనుంచి మా ఇద్దరినీ చూసింది. "నా గురించేనా?" అంది. కాదని ఇద్దరం ఒకేసారి చెప్పాం, దాంతో అవునని తేలిపోయింది.

మా పని కప్పు మీద పేరుకున్న కొవ్వొత్తుల పొగా, పాత రంగులూ తీసి పగుళ్ళు సరిచెయ్యడం. చర్చి వెనక భాగంలో, రెండు పక్కల గోడల పైన, కప్పు మొదలయ్యేచోట తీగల డిజైన్ లాంటి పట్టీ ఒకటి ఉండేది. దాని మీద రంగు పొరలు తీస్తుంటే తీగలు కాస్తా అక్షరాలయ్యాయి. అరబిక్ అక్షరాలు. నాకు భలే సంతోషమేసింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఎవరో ఫోటో తీసి ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టారు. మన చర్చిలోకి ఈ రాతలు ఎలా వచ్చాయని కింద వందల కామెంట్లు. గనుల్లో చచ్చీ చెడీ కట్టుకున్న చర్చి ఇదేనా అని ఒకడు. ఆ కప్పు చేసినవాడు అసలు క్రైస్తవుడేనా అని ఇంకొకడు.

ఆ ఆఖరి మాట రోజాలీకి గుచ్చుకుంది. మర్నాడు మీటింగ్‌కి వచ్చి, కూచోకుండానే మొదలుపెట్టింది.

"మా తాత రోజూ పడుకునేముందు జపమాల చెప్పేవాడు. ఆయన్ని ఎవరో మోసం చేసి ఈ పని చేయించారు. ఆయన పేరు ఇలా బజార్న పడడం నేను చూడలేను."

రాన్ చెప్పిన మంచిమాట

అప్పుడు మా రాన్ నోరు తెరిచాడు. ఆవిడ బాధ చూసి తట్టుకోలేకపోయాడు పాపం.

"మీ తాతగారికి అవి అక్షరాలని తెలిసే ఉండదు. పలెర్మోలో చూసిన డిజైన్ నచ్చి వేసుంటారు. అందులో ఆయన తప్పేం లేదు."

 ఆవిడ తేలికపడినట్టు తలూపింది. "అయితే అది తెలియక చేసిన పొరపాటు. ఆయన ఉంటే ఆయనే సరిదిద్దేవాడు. చెక్కేసి సాపు చెయ్యండి."

కమిటీ అంతా ఊపిరి పీల్చుకుంది. రాన్ నా వైపు చూడలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఇదే. ఆధారం లేని మంచిమాట అబద్ధం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. అబద్ధాన్ని ఎవరో ఒకరు నిలదీస్తారు. మంచిమాటని ఎవరూ నిలదియ్యరు, దాని మీద నిర్ణయాలు కట్టేస్తారు. రాన్ ఆ మనిషిని ఓదార్చాలనుకున్నాడు, ఆవిడ చేతికి ఉలి ఇచ్చాడు.

కార్లో తిరిగొస్తుంటే రాన్‌తో చెప్పాను. "రంగు వేసి కప్పమంటే సరేననేదాన్ని. రేపు ఎవరైనా తీసుకోవచ్చు. చెక్కేస్తే ఇక లేదు. ఆ ఉలి నేను పట్టను, నా పని జరిగేచోట పట్టనివ్వను."

"వాసూ, అది వాళ్ళ చర్చి. వాళ్ళ కప్పు."

"వాళ్ళదే. అందుకే వాళ్ళకి నిజం తెలియాలి. మీరు చెప్పింది మీకు తెలుసా, లేక అనుకున్నారా?"

 రాన్ వైపర్లు ఆన్ చేశాడు, వాన లేకపోయినా.

పాత అరబిక్ లిపి చదవగల ప్రొఫెసర్ ఒకావిడకి ఫోటోలు పంపాను. రాసినదాంట్లో తప్పుల్లేవని, రెండే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని జవాబిచ్చింది. ఒకటి ఆరోగ్యం, ఒకటి క్షేమం. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. రాన్ మాత్రం ఒప్పుకోలేదు. చిన్న ముక్క ఒకటి చూసి అచ్చు గీసుకుని అదే తిప్పి తిప్పి వేసుంటాడన్నాడు. అది కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. మనసు ఎంత లాగినా, లేనిదాన్ని ఉందని చెప్పకూడదు.

ఏదైనా తీసేసేముందు దాన్ని పూర్తిగా కొలిచి, గీసి, ఫోటోలు తీసి పెట్టాలని మా కంపెనీలో పద్ధతి. ఆ పని నాకే ఇవ్వమన్నాను. రాన్ సరేనన్నాడు. అందుకు ఇప్పటికీ ఆయన మీద గౌరవం ఉంది.

అతుకులు

గచ్చుపని ఒక్కసారిగా అయ్యేది కాదు. ఏ రోజుకారోజు ఎంత పని చెయ్యగలరో అంతే తడిగచ్చు పూస్తారు. అది ఆరేలోపు చెక్కాలి. మర్నాడు పూసే కొత్త గచ్చు, నిన్నటి అంచు మీదికి రవ్వంత ఎక్కుతుంది. అక్కడ సన్నటి అతుకు మిగులుతుంది. మామూలు వెలుతురులో కనిపించదు. టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి వేస్తే నీడ పడుతుంది. ఏ పొర దేని మీదికి ఎక్కిందో చూస్తే, ఏది ముందు చేశారో, ఏది తర్వాతో తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మా మాస్టారు ఇది నేర్పితే, దీంతో ఏం ఉపయోగమని విసుక్కున్నదాన్ని.

ఇనప కడ్డీలతో కప్పు దాకా కట్టిన స్కాఫోల్డ్ ఎక్కి కప్పంతా టార్చి వేసుకుంటూ పోయాను. గూళ్ళు, అంచులు, పువ్వులు అన్నీ ఎడమ నుంచి కుడికి చేశాడు. కుడిచేతివాటం మనిషి అలాగే చేస్తాడు, లేకపోతే మోచెయ్యి తడి పని మీద పడుతుంది. అక్షరాల పట్టీ దగ్గరికి వచ్చేసరికి అతుకులు తిరగబడ్డాయి. అక్కడ ఒక్కచోటే కుడి నుంచి ఎడమకి చేశాడు.

నన్ను నేనే నమ్మలేదు. స్కాఫోల్డ్ అటునుంచి జరుపుకొచ్చి ఉంటాడేమోనని రెండో గోడ చూశాను. ఒక గోడ మీద కుడి నుంచి ఎడమకంటే ముందున్న పూజాపీఠం దగ్గర్నుంచి వెనక తలుపు వైపు. ఎదుటి గోడ మీద తలుపు నుంచి పీఠం వైపు. రెండు చోట్లా కుడి నుంచి ఎడమకే చేశాడు. స్కాఫోల్డ్ సౌకర్యం కాదు. డిజైన్ అనుకున్నవాడు అంత ఇబ్బంది పడడు. అవి రాత అని, రాత ఎటునుంచి మొదలవుతుందో కూడా తెలిసినవాడే అలా చేస్తాడు.

ఫాదర్ జోజికి ఫోన్ చేశాను. రోజాలీని పైకి ఎక్కించాలన్నాను.

"ఆవిడ రాదండీ. ఇప్పటికే నా మీద కారాలు మిరియాలు నూరుతా ఉంది, ఈ పనికి మీ కంపెనీని నేనే పిలిపించానని."

"మీరు కూడా ఎక్కుతున్నారని చెప్పండి ఫాదర్ గారూ. మీకు ఎత్తంటే భయమని ఆవిడకి తెలుసుగా."

 "అంత అవసరమంటారా," అన్నారు నీరసంగా.

పైన

ఫాదర్ జోజి మధ్య మెట్ల దగ్గరే కడ్డీ పట్టుకుని ఆగిపోయారు. రోజాలీ ఆయన్ని దాటుకుని, మోకాళ్ళ నొప్పి మీద గొణుక్కుంటూ, చివరిదాకా వచ్చింది. ఇంత దగ్గర్నుంచి వాళ్ళ తాత పని ఎప్పుడూ చూడలేదంది.

"ఆయనది కుడిచేతివాటమేనా?" అడిగాను.

"నాకు చెయ్యి పట్టుకుని రాయడం నేర్పింది ఆయనే. కుడిచెయ్యే."

అతుకులు చూపించాను. ముందు కప్పు మీదివి, తర్వాత పట్టీవి. వివరించాక టార్చి ఆవిడ చేతికే ఇచ్చేశాను. నా మాట నమ్మమని అడగడం నాకిష్టం లేదు. ఆవిడ ఒక్కో అతుకు దగ్గరా ఆగి, చూసి, ముందుకెళ్ళింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి కదా, దేన్నీ దాటెయ్యలేదు. రెండో గోడ కూడా చూసింది.

"అయితే ఆయనకి తెలుసు," అంది.

"రాత అని తెలుసు. చదవడం వచ్చో లేదో నేను చెప్పలేను."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"అది కూడా నాకు తెలీదు."

ఆవిడ కోపంగా చూసింది. ఓదార్పుగా ఏదో ఒకటి చెప్పెయ్యాలని నాకూ నాలుక దురద పెట్టింది. రాన్ గుర్తొచ్చి ఊరుకున్నాను.

"ఏం రాసుంది ఇక్కడ?"

"ఆరోగ్యం. క్షేమం. ఈ రెండే, చివరిదాకా. పలెర్మోలో రాజుకి రాసినవాటిల్లోవే."

"రాజుకి ఇంకేం రాశారు?"

"విజయం, అధికారం, రాజ్యం. అలాంటివి."

"అవి ఇక్కడ లేవా?"

"ఎక్కడా లేవు."

ఆవిడ టార్చి ఆపేసింది. కడ్డీ పట్టుకుని కిందికి చూసింది. నేనూ చూశాను. ఖాళీ బెంచీలు తప్ప నాకేమీ కనిపించలేదు. పట్టీ చర్చి పొడవునా లేదు, వెనక బెంచీల మీద వరకే ఉండి ఆగిపోయింది. ముసలితనంలో ఓపిక చాలక ఆపేశాడని నేను నా డ్రాయింగ్‌లో రాసుకున్నాను కూడా.

"ఈ వెనక బెంచీల్లో ఎవరు కూచునేవాళ్ళో తెలుసా నీకు?" అంది రోజాలీ. "పూజ అయ్యీ అవకముందే గనిలో దిగాల్సినవాళ్ళు. పనిబట్టల్లోనే వచ్చేవాళ్ళు. ముందుకొస్తే బెంచీలకి మసి అంటుతుందని వెనకే ఉండి, మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మా గౌన్లు పాడవుతాయని మా అమ్మ మమ్మల్ని అటువైపు పోనిచ్చేది కాదు. మా నాన్న కూచునేది అక్కడే."

తర్వాత ఆవిడ ఏడ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కిందినుంచి ఫాదర్ జోజి, "ఏమైందండీ, ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా," అని తెలుగులో అడుగుతున్నారు. బాగానే ఉందని చెప్పాను.

ఓటు

ఆ వారం కమిటీ మీటింగ్‌లో రాన్ ముందుగా లేచి, తాను చెప్పినదానికి ఆధారం లేదని ఒప్పుకున్నాడు. ఆయన్ని నేను అడగలేదు. తర్వాత రోజాలీ నిలబడింది.

"మా తాతకి తెలుసు. తెలిసే రాశాడు. ఆ పట్టీ జోలికి ఎవరూ వెళ్ళరు."

ఒకాయన, ఊళ్ళోవాళ్ళు ఊరుకోరేమో అన్నాడు.

"ఊరుకోనివాళ్ళని నా దగ్గరికి పంపు. స్కాఫోల్డ్ తీసేలోపు ఒక్కొక్కళ్ళనే ఎక్కిస్తాను."

పట్టీ ఉంచాలనే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆవిడ నిజంగానే ఎక్కించింది. కొందరు ఒప్పుకున్నారు, కొందరు మొహం ముడుచుకుని దిగిపోయారు. రెండు కుటుంబాలు పక్క ఊరి చర్చికి మారిపోయాయి. అందరూ కలిసిపోయారని రాస్తే కథ బాగుంటుంది కానీ అలా జరగలేదు. పట్టీ మాత్రం ఉంది. పగుళ్ళు సున్నంతోనే సరిచేశాం. అక్షరాలకి కొత్త రంగేమీ వెయ్యలేదు. ముసలితనంలో ఆపేశాడని నేను రాసుకున్న మాట కొట్టేశాను.

శ్రీజా, మీ నాన్నతో చెప్పు. పాత కట్టడం మీద ఒకరి నిర్ణయం దాగి ఉంటుంది, అది ఏమిటో తెలిసేదాకా దాన్ని చెరిపెయ్యకుండా అడ్డం నిలబడడం మా పని. జీతం మీ నాన్నకి నచ్చదు. అయినా ఈ పనికి మొండివాళ్ళు కావాలి, నువ్వు మొండిదానివే.

స్కాఫోల్డ్ తీసేసిన తర్వాతి ఆదివారం ఫాదర్ జోజి ఫోన్ చేశారు.

"వసుంధర గారూ, ఇయ్యాళ పూజకి రోజాలీ గారు ముందు వరసలో లేరండీ. వంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాను. చూస్తే వెనక బెంచీలో కూచోనుంది. అమ్మా, మీ సీటు ఖాళీగా ఉంది, ముందుకి రండి అన్నానండీ."

"ఏమంది?"

"రానంది. ఇన్నేళ్ళూ తప్పు చోట కూచున్నానంది."